పక్కన పెట్టిన మిషన్

2024 అసెంబ్లీ ఎన్నికలు అనగానే మన రాష్ట్రంలో ఎవరికైనా గుర్తొచ్చేవి 164, 11 అనే రెండు అంకెలు. కూటమికి 164 సీట్లు, వైఎస్సార్సీపీకి 11. ఇంత ఏకపక్షంగా వచ్చిన ఫలితంలో హోరాహోరీ ఎక్కడుందని అడుగుతారు. అదే రోజు మా వైపు మడకశిరలో గెలుపుకీ ఓటమికీ మధ్య ఉన్నది 351 ఓట్లు. గిద్దలూరులో 973. రాష్ట్రమంతా ఒకే గాలి వీచినా నియోజకవర్గం లెక్క నియోజకవర్గానిదే.

ఆ ఎన్నికల్లో నేను పోలింగ్ నాడు పీఓగానూ (బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసరు), కౌంటింగ్ నాడు సూపర్‌వైజరుగానూ పనిచేశాను. నేను కూర్చున్న హాల్లో మధ్యాహ్నం దాటేదాకా ఎవరు గెలుస్తారో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ నియోజకవర్గం పేరు, ఊళ్ల పేర్లు, పార్టీల పేర్లు రాయడం లేదు. గోప్యత పాటిస్తానని సంతకం పెట్టి కూర్చున్న దాన్ని. పైగా నేను చెప్పదలుచుకున్నది ఎవరు గెలిచారన్నది కాదు. వేసిన ఓటు లెక్కలో పడటానికి మధ్య ఎన్ని మెట్లున్నాయో, ఏ మెట్టు దగ్గర ఏ ఓటు ఆగిపోతుందో కళ్లారా చూశాను. అది చెప్పాలి.

నేను అనంతపురం వైపు ఒక జడ్పీ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఎన్నికల డ్యూటీ ఆర్డర్ రాగానే స్టాఫ్ రూములో సగం మంది మొహాలు వాడిపోతాయి. అందులో అతిశయోక్తి లేదు. అసెంబ్లీకీ పార్లమెంటుకీ ఒకేసారి పోలింగ్ కాబట్టి ఈసారి అన్నీ రెండేసి: రెండు కంట్రోల్ యూనిట్లు (ఓట్ల లెక్క ఉండే పెట్టెలు), రెండు వీవీప్యాట్లు (వేసిన ఓటును చీటీ మీద చూపించేవి), బ్యాలెట్ యూనిట్లు వేరు, ఫారాలు వేరు, కవర్లు వేరు. ట్రైనింగ్‌లో మాస్టర్ ట్రైనర్ మొదట ఒక కథ చెప్పారు. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి. జోషి ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయారు. అంతకు నాలుగేళ్ల ముందు కర్ణాటకలో సంతెమరహళ్లిలోనూ అదే జరిగింది, అక్కడా తేడా ఒక్క ఓటే. "మీ బూత్‌లో మీరు తప్పు రాసే ఆ ఒక్క అంకె, ఆ ఒక్క ఓటు కావచ్చు" అన్నారాయన. హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దంగా అయిపోయింది. తర్వాత మళ్లీ టీఏ, డీఏల ముచ్చట్లు మొదలయ్యాయి.

ఆయన ఆ రోజు పదే పదే చెప్పిన మాట సీఆర్సీ. మాక్ పోల్, అంటే పోలింగ్‌కు ముందు ఏజెంట్ల ఎదుట వేసి చూపించే నమూనా ఓటింగ్ అయ్యాక క్లోజ్, రిజల్ట్, క్లియర్. ఈ మూడు బటన్లూ ఆ వరుసలో నొక్కకుండా అసలు పోలింగ్ మొదలుపెట్టొద్దు. అసెంబ్లీ మిషన్‌కి ఒకసారి, పార్లమెంటు మిషన్‌కి ఇంకోసారి. వింటుంటే ఇదీ ఒక పెద్ద విషయమేనా అనిపిస్తుంది. తెల్లవారుజామున అయిదున్నరకు, రాత్రంతా దోమల మధ్య కూర్చుని, నాలుగుసార్లు ఫోన్ మోగుతుండగా చేసి చూస్తే తెలుస్తుంది.

మే 12న డిస్ట్రిబ్యూషన్ సెంటర్ దగ్గర మెటీరియల్ తీసుకుని, సీరియల్ నంబర్లు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని, ఆర్టీసీ బస్సులో మా రూటు ఎక్కాం. ఊరు చేరేసరికి పొద్దు వాలింది. ప్రాథమిక పాఠశాల, రెండు గదులు, ముందు ఒక వేపచెట్టు. బీఎల్ఓ, అంటే ఆ బూత్ ఓటర్ల జాబితా చూసుకునే ఆవిడ, ఒక అంగన్‌వాడీ టీచరమ్మ. ఊళ్లో ప్రతి ఇల్లూ ఆమెకు తెలుసు. ఏఎస్‌డీ లిస్టు, అంటే ఊళ్లో లేనివాళ్లు, వేరే చోటికి వెళ్లిపోయినవాళ్లు, చనిపోయినవాళ్ల జాబితా ఆమె రాసిచ్చినంత శుభ్రంగా నేను ఇంకెక్కడా చూడలేదు. ఎన్నికల్లో అందరూ కలెక్టరును, ఎస్పీని తలుచుకుంటారు గానీ, నా దృష్టిలో సగం ఎన్నికను మోసేది బీఎల్ఓలే.

ఏజెంట్లు చీకటి ఉండగానే వచ్చారు. రెండు ప్రధాన పక్షాల ఏజెంట్లూ వరసకు మామా అల్లుళ్లు. "రాత్రి మా ఇంట్లోనే తిన్నాడు మేడమ్, పొద్దున్నే నా మీదికే వచ్చి కూర్చున్నాడు" అన్నాడు పెద్దాయన. అల్లుడు నవ్వి ఊరుకున్నాడు. ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టి 50 ఓట్లతో మాక్ పోల్ చేశాం. లెక్క చూపించాను. క్లియర్ నొక్కి, టోటల్ నొక్కి సున్నా చూపించాను. వీవీప్యాట్ పెట్టెలో పడిన చీటీలు తీసి, వెనక మాక్ పోల్ ముద్ర వేసి, నల్ల కవరులో పెట్టి సీలు వేశాం. తర్వాత అంతా రెండో మిషన్‌కి మళ్లీ మొదట్నుంచి. గ్రీన్ పేపర్ సీల్ మీద సంతకం పెట్టేటప్పుడు పెద్దాయన చెయ్యి వణికింది. "దీని మీద నా పేరు ఉంటాదా మేడమ్, లెక్కపెట్టేదాకా?" అని అడిగాడు. ఉంటుందన్నాను. అప్పుడు ఇంకోసారి శ్రద్ధగా, అక్షరాలు విడివిడిగా రాశాడు.

ఏడింటికి పోలింగ్ మొదలు. ఆ పొద్దు మన రాష్ట్రంలో జనం వచ్చిన తీరు చూసినవాళ్లెవరూ మర్చిపోరు. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి బస్సులు, రైళ్లు పట్టుకుని వచ్చారు. మా వైపు పల్లెల్లో వయసు పిల్లలు సగం మంది బెంగళూరులో మేస్త్రీ పనికో, సెక్యూరిటీ పనికో, అపార్ట్‌మెంట్లలో వంటపనికో పోయినవాళ్లే. రాత్రంతా ప్రయాణం చేసి దిగి, మొహం కూడా కడుక్కోకుండా లైన్లో నిలబడ్డారు. రాష్ట్రం మొత్తం మీద 81.86 శాతం పోలింగ్ నమోదైంది. కొన్ని చోట్ల అర్ధరాత్రి దాటినా ఓట్లు పడుతూనే ఉన్నాయి.

అలా వచ్చిన పిల్లాడొకడు మధ్యాహ్నం పూట లోపలికొచ్చాడు. మా ఓపీఓ (ఇతర పోలింగ్ అధికారి) జాబితాలో చూసి తలెత్తి నా వైపు చూశారు. ఆ పేరు మీద అప్పటికే ఓటు పడిపోయింది. పిల్లాడి దగ్గర ఓటరు కార్డు ఉంది, ఆధార్ ఉంది, వేలి మీద సిరా లేదు. బీఎల్ఓ వచ్చి "వీడే మేడమ్, ఫలానా వాళ్ల కొడుకు" అంది. వాడు గొడవ చేయలేదు. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది. ఇలాంటప్పుడు టెండర్ ఓటు ఇస్తాం. మిషన్‌లో కాదు, కాగితం బ్యాలెట్ మీద. ఫారం 17బీలో సంతకం తీసుకుని, బ్యాలెట్ ఇచ్చి, గుర్తు వేయించి, విడిగా కవరులో పెట్టి సీలు వేస్తాం.

"ఇది లెక్కలోకి వస్తాదా మేడమ్?" అని అడిగాడు.

అబద్ధం చెప్పలేను కదా. మామూలు కౌంటింగ్‌లో ఆ కవరు తెరవరు. తేడా అతి తక్కువగా ఉండి, ఓడినవాళ్లు హైకోర్టులో ఎలక్షన్ పిటిషన్ వేసి, కోర్టు తెరవమంటే అప్పుడు తెరుస్తారు. ఉన్నదున్నట్టు చెప్పాను. "అయితే ఉండనీలే మేడమ్, ఏస్తా" అని వేసి వెళ్లాడు. వాడు బస్సుకు పెట్టిన డబ్బు, పోగొట్టుకున్న కూలి, అన్నీ ఆ చిన్న కవరులోకి వెళ్లిపోయాయి. ముందు వేసిందెవరో తేల్చే అధికారం నాకు లేదు. ఏజెంటు చాలెంజ్ చేసి ఉంటే అప్పుడే ఆగేది. చాలెంజ్ ఫీజు 2 రూపాయలు. ఆ పొద్దుటి రద్దీలో ఎవరూ చేయలేదు.

చూపు లేని ఒక అవ్వ మనవరాలిని పట్టుకుని వచ్చింది. అలాంటివాళ్లకు తోడు వచ్చినవాళ్ల దగ్గర డిక్లరేషన్ తీసుకుంటాం. అవ్వకు ఎడమచేతి చూపుడువేలికి, మనవరాలికి కుడిచేతి చూపుడువేలికి సిరా పెడతాం. "నాకొక్క ఓటుకు ఇద్దరికి మసి పూస్తివేమ్మా" అంది అవ్వ. లైనంతా నవ్వింది. అంత ఎండలో ఆ నవ్వు మాకందరికీ ప్రాణం పోసింది.

ఆరింటికి లైన్లో ఉన్నవాళ్లకు చివర్నుంచి మొదటికి చీటీలు ఇచ్చుకుంటూ వచ్చాం. చీటీ ఉన్నవాళ్లందరూ వేసేదాకా ఆగి, క్లోజ్ బటన్ నొక్కి, అప్పుడు కూర్చున్నాను ఫారం 17సీ రాయడానికి. ఈ కాగితం గురించి బయటివాళ్లకు ఎక్కువ తెలియదు గానీ, మొత్తం ఎన్నికలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. ఈ బూత్‌లో రిజిస్టరు ప్రకారం ఎంతమంది వచ్చారు, మిషన్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయి, రెండూ కలిశాయా లేదా అన్నది ఇందులో ఉంటుంది. దాని కాపీ అక్కడున్న ప్రతి ఏజెంటుకూ పీఓ ఇచ్చి తీరాలి. అల్లుడు కాపీ మడిచి జేబులో పెట్టుకోబోతుంటే మామ ఆపి, "ఒరేయ్, ప్లాస్టిక్ కవరులో పెట్టుకోరా, చెమటకు తడుస్తాది" అన్నాడు. పొద్దుట్నుంచి ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు. నిజానికి ఓడినవాడు ఓటమిని ఒప్పుకోవాలంటే చేతిలో ఆ కాగితం ఉండాలి. టీవీలో ఎంతమంది ఎన్ని చెప్పినా, తన బూత్‌లో పడిన ఓట్లు ఎన్నో తన దగ్గర సంతకంతో ఉంటే, కౌంటింగ్ నాడు అదే అంకె మిషన్‌లో కనిపిస్తే, మనిషికి అనుమానం ఉండదు.

రిసెప్షన్ సెంటర్లో మెటీరియల్ అప్పజెప్పడం గురించి ఎక్కువ రాయను. డ్యూటీ చేసినవాళ్లకు తెలుసు, చేయనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. తెల్లవారింది, అంతే.

ఇక కౌంటింగ్. జూన్ 4 కంటే ముందే మా ఉద్యోగుల మధ్య ఒకటే చర్చ, పోస్టల్ బ్యాలెట్లది. డ్యూటీలో ఉన్నవాళ్లం ఫెసిలిటేషన్ సెంటర్లలో ముందే ఓటేశాం. పద్ధతి ఇదీ: బ్యాలెట్ చిన్న కవరులో పెట్టాలి, దాని మీద బ్యాలెట్ నంబరు ఉండాలి. 13ఏ అనే డిక్లరేషన్ మీద మనం సంతకం పెట్టి, గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేయాలి. రెండూ కలిపి పెద్ద కవరులో. డిక్లరేషన్ లేకపోయినా, సంతకం లేకపోయినా, నంబర్లు కలవకపోయినా, లోపలి కవరు తెరవకుండానే ఓటు చెల్లదు. మా రాష్ట్రంలో ఆ సెంటర్లలో చాలాచోట్ల అధికారి సంతకం ఉంది గానీ హోదా ముద్ర లేదు. ముద్ర లేకపోయినా చెల్లుతుందని ఎన్నికల అధికారులు చెప్పారు, ఒక పార్టీ కాదంది. కేసు హైకోర్టుకు, అక్కడ కొట్టేస్తే సుప్రీంకోర్టుకు వెళ్లింది. కౌంటింగ్‌కు ముందురోజు సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. ఆ రెండు మూడు రోజులూ మా వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి టీచరూ తన 13ఏ గుర్తు చేసుకుంటూనే ఉన్నారు. మా హెడ్మాస్టరు గారైతే, "ముప్ఫై ఏళ్లు పిల్లల మార్కుల లిస్టుల మీద ముద్రలు వేశాను, నా ఓటుకు ముద్ర లేదు" అని బాధపడ్డారు.

ఇది చిన్న గొడవ కాదు. 2017లో గుజరాత్‌లోని ధోల్కాలో గెలిచిన మంత్రి భూపేంద్రసింహ్ చుడాసమా ఆధిక్యం 327 ఓట్లు. అక్కడ చెల్లవని పక్కన పెట్టిన పోస్టల్ బ్యాలెట్లు 429. తేడా కంటే తిరస్కరించినవే ఎక్కువ. 2020 మేలో గుజరాత్ హైకోర్టు ఆ ఎన్నిక చెల్లదంది. కొద్ది రోజులకే సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. గెలుపు తేడా తిరస్కరించిన పోస్టల్ ఓట్ల కంటే తక్కువుంటే, ఫలితం ప్రకటించే ముందే ఆ తిరస్కరించినవన్నీ ఆర్ఓ (రిటర్నింగ్ అధికారి) మళ్లీ పరిశీలించాలి, అదంతా వీడియో తీయాలి. తేడా ఎక్కువుంటే ఆ అవసరం లేదు.

జూన్ 4న చీకటితోనే సెంటరుకు చేరాం. ఏ టేబుల్ ఎవరికన్నది ఆ తెల్లవారుజామునే ర్యాండమైజేషన్‌లో తేలుతుంది. ఫోన్లు బయటే. హాల్లో వరుసగా టేబుళ్లు, ఏజెంట్లకు అడ్డంగా కట్టిన జాలీ. నాతో ఒక అసిస్టెంటు, ఒక మైక్రో అబ్జర్వర్. ఎనిమిదింటికి పోస్టల్ మొదలు, అరగంట తర్వాత ఈవీఎంలు. మిషన్ రాగానే సీరియల్ నంబరు చూపించాలి, సీళ్లు చూపించాలి, 17సీ చదివి వినిపించాలి, అప్పుడు రిజల్ట్ నొక్కాలి. ఒక్కో అభ్యర్థికి ఎన్ని పడ్డాయో తెరమీద వరుసగా వస్తుంది. చివర నోటా. జాలీ అవతల ఉన్న ఏజెంట్లకు కనిపించేలా మిషన్‌ను పైకెత్తి పట్టుకోవాలి. సాయంత్రానికి భుజాలు పట్టేశాయి.

మొదటి రెండు రౌండ్లు ఒకవైపు. తర్వాత మండలం మారింది, లీడూ మారింది. మా వైపు ఇది మామూలే. ఒక్కో మండలానికి ఒక్కో మొగ్గు, ఏ మండలం మిషన్లు ముందొస్తే వాళ్లు ముందుంటారు. టీవీలో చూసేవాళ్లకు అది ఉత్కంఠ. హాల్లో ఉన్నవాళ్లకు మాత్రం ఇంకా ఏ మండలం మిగిలి ఉందన్నదే లెక్క. ఏజెంట్ల దగ్గర కాగితాలున్నాయి. ఊరూరా ఎన్ని వస్తాయో వాళ్లు ముందే వేసుకున్న అంచనాలు. రౌండ్ అయిపోయినప్పుడల్లా పెన్నులు తీసి కొట్టేసుకుంటున్నారు.

మధ్యలో ఒక రౌండ్లో నా టేబులుకు వచ్చిన మిషన్ 17సీ చదవబోయి ఆగాను. రిజిస్టరు ప్రకారం ఓటర్లు ఇంత, మిషన్ ప్రకారం ఓట్లు ఇంత, తేడా 50. లెక్కల టీచర్ని కాబట్టి కాదు, పోలింగ్ నాడు ఆ పని నేనూ చేశాను కాబట్టి ఆ 50 చూడగానే అర్థమైంది. అవి మాక్ పోల్ ఓట్లు. క్లియర్ నొక్కలేదు. ఆ పీఓ ఎవరో నాకు తెలియదు. దాచిపెట్టలేదు, సాయంత్రం తేలగానే ఉన్నదున్నట్టు రాశారు, డైరీలోనూ నమోదు చేశారు. పార్లమెంటు మిషన్ సరిగానే క్లియర్ చేశారని తర్వాత తెలిసింది. రెండు మిషన్లలో ఒకటి చేసి, ఇంకొకటి చేసేలోపు ఎవరో పిలిచి ఉంటారు. ఆయన్ని ఒక్క మాట కూడా అనబుద్ధి కాలేదు నాకు.

చెయ్యెత్తాను. ఏఆర్ఓ (సహాయ రిటర్నింగ్ అధికారి) వచ్చారు, ఆర్ఓ వచ్చారు, అబ్జర్వర్ వచ్చారు. రిజల్ట్ నొక్కవద్దన్నారు. ఆ మిషన్ పక్కన పెట్టారు.

2024లో ఉన్న నియమం ఏమిటంటే, ఇలాంటి మిషన్లు పక్కన ఉంచి మిగతా అన్నీ లెక్కపెట్టేవారు. చివర్లో గెలుపు తేడా, పక్కన పెట్టిన మిషన్లలో ఉన్న మొత్తం ఓట్ల కంటే ఎక్కువైతే వాటిని ముట్టుకునేవారు కాదు. ఎందుకంటే ఆ ఓట్లన్నీ ఒక్కరికే పడినా ఫలితం మారదు. తేడా అంతకు సమానంగా గానీ తక్కువగా గానీ ఉంటే, ఆ బూత్‌ల వీవీప్యాట్ చీటీలు తీసి ఒక్కొక్కటీ లెక్కపెట్టేవారు. ఆర్ఓ ఇదంతా మైకులో తెలుగులో విడమరిచి చెప్పారు. అరుపులు తగ్గాయి.

జాలీ అవతల ఒకాయన మాత్రం కూర్చోలేదు. యాభై ఏళ్లుంటాయి, మెడలో కండువా లేదు, చేతిలో బూత్ జాబితా. "అది మా ఊరు మేడమ్" అన్నాడు. "మాయమ్మను మంచం మీంచి లేపి తీసకపోయినాం ఓటుకు. ఆ మిషన్లో మా ఊరంతా ఉంది." నేను ఏజెంట్లతో అనవసరంగా మాట్లాడకూడదు. తల ఊపి, తర్వాతి మిషన్ అందుకున్నాను.

ఆ తర్వాతి రౌండ్లు ఎలా గడిచాయో చెప్పలేను. లీడ్ తగ్గుతూ వచ్చింది. ఒక రౌండ్ పూర్తయ్యాక బోర్డు మీద రాసిన తేడా, ఆ పక్కన పెట్టిన మిషన్‌లో ఉన్న ఓట్ల కంటే తక్కువ. హాల్లో అందరి కళ్లూ గోడవారనున్న ఆ పెట్టె మీదే. రెండు పక్షాల చీఫ్ ఏజెంట్లూ ఆర్ఓ టేబుల్ దగ్గరికి వెళ్లి పోస్టల్‌లో ఎన్ని తిరస్కరించారో అడుగుతున్నారు. పొద్దుట్నుంచి ఎవరూ పట్టించుకోని చిల్లర ఓట్లన్నీ ఒక్కసారిగా విలువైనవైపోయాయి. ముద్ర లేని 13ఏలు, క్లియర్ చేయని మిషన్, ఎక్కడో కవర్లలో ఉన్న టెండర్ ఓట్లు. నా బూత్ ఆ నియోజకవర్గంలో లేదు. అయినా బెంగళూరు నుంచి వచ్చిన ఆ పిల్లాడే గుర్తొచ్చాడు. ఇక్కడ కూడా అలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారో అనుకున్నాను.

నేను అప్పుడు ఏం కోరుకున్నానో దాచకుండా చెప్తాను. ఏ పక్షం గెలవాలని కాదు. తేడా అలాగే తక్కువగా ఉండిపోవాలని కోరుకున్నాను. తక్కువగా ఉంటేనే ఆ ఊరి చీటీలు బయటికి వస్తాయి. ఆ ముసలమ్మ ఓటు ఎవరో ఒకరి చేతుల మీదుగా లెక్కలో పడుతుంది.

అలా జరగలేదు. చివరి మండలం ఒకవైపే మొగ్గింది. ఆఖరి రౌండ్లు అయ్యేసరికి తేడా ఆ మిషన్‌ను దాటిపోయింది, తిరస్కరించిన పోస్టల్ ఓట్లనూ దాటిపోయింది. సుప్రీంకోర్టు 2019లో చెప్పినట్టు అయిదు బూత్‌లకు లాటరీ తీసి వీవీప్యాట్ చీటీలు లెక్కించారు. ఒక్క చీటీ కూడా తేడా రాలేదు. ఆ లాటరీలో ఆ ఊరు లేదు, ఉండదు కూడా. పక్కన పెట్టిన మిషన్ తెరవాల్సిన అవసరం లేదని ఆర్ఓ రికార్డు చేశారు. ఏజెంట్లు సంతకాలు పెట్టారు. గెలిచినవాళ్లు బయటికి పరుగెత్తారు.

ఆ మిషన్ మా ఊరిదే అన్న ఏజెంటు జాలీ దగ్గరే ఉన్నాడు. ఈసారి డ్యూటీ అయిపోయింది కాబట్టి దగ్గరికి వెళ్లాను. ఆయన పక్షమే గెలిచిందని అప్పుడు తెలిసింది నాకు. అయినా మొహంలో సంతోషం లేదు. "గెలిచినాం మేడమ్, సరే. మా ఊళ్లో ఎవురికెన్ని పడినాయో ఇంగ ఎప్పటికీ తెలీదా?" అన్నాడు. అసెంబ్లీకి సంబంధించినంతవరకు తెలియదని చెప్పాను. "మా ఎమ్మెల్యే అడిగితే ఏం చెప్పాల? మా ఊరు ఓటెయ్యలేదని రాసుకుంటాడు గదా."

అది నేను ఆలోచించని కోణం. బూత్ వారీ ఫలితాలు ఫారం 20లో అందరికీ కనిపిస్తాయి. వాటిని చూసే నాయకులు ఊరికి ఏం చేయాలో, ఏం చేయకూడదో నిర్ణయించుకుంటారు. అది మంచి పద్ధతి కాదు గానీ, జరుగుతున్నది అదే. ఆ జాబితాలో లెక్కలేని ఊరు అంటే, ఎన్నిక ఫలితం మారదన్న మాట ఆ ఊరికి ఊరట కాదు.

ఎన్నికల తర్వాత రికార్డులు భద్రపరుస్తారు కదా, కోర్టుకు వెళ్తే తీస్తారు కదా అని ఒక సహోద్యోగి అన్నారు. నలభై అయిదు రోజుల్లో పిటిషన్ వేయొచ్చు, నిజమే. కానీ తెలంగాణలో ధర్మపురి సంగతి మా వాళ్లందరికీ తెలుసు. 2018లో అక్కడ తేడా 441 ఓట్లు. ఓడిన అభ్యర్థి హైకోర్టుకు వెళ్లారు. 2023లో కోర్టు రికార్డులు అడిగితే స్ట్రాంగ్ రూమ్ తాళంచెవులు కనిపించలేదు, చివరికి తాళం పగలగొట్టారు. అప్పటికి ఆ అసెంబ్లీ పదవీకాలమే ముగిసే దశకు వచ్చింది. అంత దూరం వెళ్లేది ఎక్కువగా ఓడిన అభ్యర్థే. చట్టం ప్రకారం ఓటరు కూడా పిటిషన్ వేయొచ్చు గానీ, ఊళ్లో మామూలు ఓటరు అంత దూరం ఎక్కడ వెళ్తాడు. గెలిచిన పక్షం ఏజెంటుకు వెళ్లే కారణమే ఉండదు.

తర్వాత ఉపాధ్యాయ సంఘం సమావేశంలో ఎన్నికల డ్యూటీల మీద సూచనలు అడిగినప్పుడు అందరూ వసతులు, వాహనాలు, రెమ్యూనరేషన్ గురించి రాశారు. అవీ కావాల్సినవే. నేను రెండు రాశాను. ఒకటి, మాక్ పోల్ తర్వాత క్లియర్ చేసి టోటల్ సున్నా చూపించినట్టు ఏజెంట్ల చేత, రెండు మిషన్లకూ విడివిడిగా, సంతకం పెట్టించాలి, దాన్ని పోలింగ్ మొదలయ్యే ముందే సెక్టార్ ఆఫీసరు (కొన్ని బూత్‌లను పర్యవేక్షించే అధికారి) సరిచూడాలి. సాయంత్రం తేలితే చేసేదేమీ ఉండదు. రెండోది, పక్కన పెట్టిన మిషన్ల వీవీప్యాట్ చీటీలు గెలుపు తేడాతో నిమిత్తం లేకుండా లెక్కపెట్టాలి. అయిదు బూత్‌లకు ఎలాగూ లెక్కపెడుతున్నారు, ఆ టేబుల్, ఆ మనుషులు, ఆ వీడియో కెమెరా అక్కడే ఉంటాయి. ఒక బూత్ చీటీలు లెక్కించడానికి సుమారు గంట పడుతుంది. ఆ గంట కూర్చోవడానికి నేను సిద్ధమని, రెమ్యూనరేషన్ లేకపోయినా వస్తానని, ఆ కాగితం మీద నా పేరు, స్కూలు పేరు రాసి సంతకం పెట్టి ఇచ్చాను.